కారు చెప్పింది, చెల్లి చెప్పలేదు

మా చెల్లి వాళ్లుండేది స్వీడన్‌లో, గోతెన్‌బర్గ్‌లో. మొన్న ఫోన్‌లో మరిదిగారు నోరుజారారు: "పోయిన వారం మంచు మీద కారు జారింది వదినా, ఏం కాలేదులెండి" అని. గుండె ఝల్లుమంది. "నాకెందుకు చెప్పలేదే?" అంటే, "కంగారు పడతావని అక్కా. చెప్పాల్సిన వాళ్లకి కారే చెప్పేసిందిలే" అని నవ్వింది.

వాళ్లది వోల్వో. చక్రాలకి పట్టు తప్పితే కారే పసిగట్టి, ఫలానా చోట జారుడుగా ఉందని కంపెనీకి కబురు పంపుతుందట. ఆ దారిన వచ్చే వోల్వో కార్లలో హెచ్చరిక వెలుగుతుంది. 2014లో 50 కార్లతో దీన్ని పరీక్షించినప్పుడు స్వీడన్, నార్వే రోడ్ల శాఖలూ కలిశాయి. రోడ్డు పక్కన వాతావరణం కొలిచే స్టేషన్లు ఎన్నని పెడతారు? కార్లు చెబితే మంచు ఎక్కడ తీయాలో, ఉప్పు ఎక్కడ చల్లాలో ఇంకా బాగా తెలుస్తుందని వాళ్ల ఆలోచన. 2019 నుంచి ఈ హెచ్చరికలు యూరప్ అంతటికీ వచ్చాయి. జారింది ఎవరి కారో మాత్రం బయటపెట్టదట. మా చెల్లికి తగ్గ కారే!

చెల్లిని గట్టిగా తిడదామనుకున్నాను. ఇంతలో పోయిన వానాకాలం గుర్తొచ్చింది. మా సందు మలుపులో, నీళ్లు నిండిన గుంటలో పాలబ్బాయి పడటం గేటు దగ్గర నిలబడి నేనే చూశాను. పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి పరిగెత్తాను, అంతే, మర్చిపోయాను. మర్నాడు అదే గుంటలో మావారి స్కూటర్ పడి మణికట్టు విరిగింది.

ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.