చెయ్యి తెగిన వారం సంతకం పెట్టొద్దు

డబ్బు విషయంలో ఏ నిర్ణయానికైనా ముందు నేను వేసుకునే లెక్క ఒక్కటే: ఇవాళ చేతికొచ్చే మొత్తాన్ని, దానికోసం వదులుకునే నెలనెలా రాబడితో పోల్చి చూడటం. ఈ లెక్క అందరికంటే ఎక్కువ అవసరం మిషన్‌లో చెయ్యి పోగొట్టుకున్న కార్మికుడికి. వేసుకునే తీరిక లేనిదీ అతనికే. సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట్ పక్కనే బోయిగూడ తుక్కు గోదాములో 2022 మార్చి 23న మంటలకు 11 మంది బిహార్ కార్మికులు చనిపోతే, రాష్ట్రం కుటుంబానికి 5 లక్షలు, కేంద్రం 2 లక్షలు ప్రకటించాయి. అదే వీధుల్లో రంపం కింద ఒకరి నాలుగు వేళ్లు తెగితే ఏ ప్రకటనా ఉండదు. యజమాని ఆస్పత్రి బిల్లు కట్టి, చేతిలో యాభై వేలో లక్షో పెట్టి, కాగితం మీద సంతకం అడుగుతాడు. ఆ సంతకం పెట్టొద్దన్నదే నా వాదన.

చట్టం చెప్పే లెక్క చూడండి. 25 ఏళ్ల కుర్రాడు, జీతం 15,000, మణికట్టు దాకా ఒక చెయ్యి పోయింది. జీతంలో 60 శాతం 9,000. ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 216.91. గుణిస్తే 19,52,190. చెయ్యి పోతే చట్టం పట్టికలో ఉన్న నష్టం 60 శాతం కాబట్టి రావలసింది 11,71,314 రూపాయలు. నాలుగు వేళ్లకైతే 50 శాతం, బొటనవేలికి 30. వైద్యం ఖర్చు దీనికి అదనం. అంటే బిల్లు కట్టిన యజమాని పరిహారం ఇచ్చినట్టు కాదు. పట్టికలోని శాతం దగ్గరే ఆగాల్సిన పనీ లేదు. ఎడమచెయ్యి మోచేతి పైన తీసేసిన వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి అతను పూర్తిగా పని కోల్పోయినట్టేనని సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో 1975లోనే చెప్పింది.

ఈఎస్ఐ ఉంటే దారి వేరు. ఇదే కుర్రాడికి నెలకు సుమారు 8,100 బతికినంతకాలం వస్తుంది, మరో పనిలో చేరినా ఆగదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది. రెండు పరిహారాలూ కలిపి రావు. ఈఎస్ఐ లేనివాళ్లు ఒకేసారి వచ్చిన మొత్తాన్ని ఆటో కొనడానికో చెల్లెలి పెళ్లికో వాడేయడం నాకు ఆందోళన కలిగిస్తుంది. అది పెట్టుబడి సొమ్ము కాదు, పోయిన సంపాదనకు బదులుగా ముందే చేతికొచ్చిన సొమ్ము. ఆ 11,71,314 రూపాయలు 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే అసలు కదలకుండా నెలకు 6,800 వస్తుంది.

కేసు ఏళ్లు సాగుతుంది, ఇంట్లో పొయ్యి ఇవాళ వెలగాలి కదా అంటారు. నిజమే, ఆ ఆకలికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కానీ డబ్బు తీసుకోవడం వేరు, హక్కు వదులుకోవడం వేరు. ఇచ్చిన డబ్బుకు రసీదు రాసివ్వండి. ఇక ఏమీ అడగనని రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదని కార్మికుల పరిహారం కోసం వచ్చిన 1923 చట్టమే చెప్పింది. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ కూడా యజమాని మీద పడుతుంది. నీ అజాగ్రత్తే కదా అన్నా భయపడొద్దు, మామూలు పొరపాటుతో హక్కు పోదు. మేస్త్రీ కింద పనిచేశాం, కాగితాలేవీ లేవనేవాళ్లకు ఫోన్‌లో జీతం పడిన వివరాలు, ఆస్పత్రి చీటీలో రాయించిన ప్రమాద కారణం, తోటివాళ్ల సాక్ష్యం ఉన్నాయి. కాంట్రాక్టరు మనిషికీ అసలు యజమాని బాధ్యుడే. 1923 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ పరిహారం సూత్రం ఇదే.

ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కార్మిక శాఖలో దరఖాస్తు పడాలి. ఆ శాఖ భవనం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఉంది, బన్సీలాల్‌పేట్‌కు దూరం కాదు. కట్టు విప్పేదాకా ఆగకండి, ఇంట్లోవాళ్లనైనా పంపండి.