నూట ఇరవై పిక్సెళ్ళ జాగా

మిత్రుడొకడు ఉద్యోగం మాని మూడేళ్ళుగా ఒంటరిగా ఒక వ్యూహాల ఆట తయారు చేస్తున్నాడు. స్టీమ్ దుకాణంలో పెట్టడానికి నాలుగు వాక్యాలు రాసిపెట్టమన్నాడు. ముందు బొమ్మ చూపించాడు. కోట, సేనలు, ఏనుగులు, వెనుక అస్తమిస్తున్న సూర్యుడు. 120 పిక్సెళ్ళ వెడల్పు, 45 ఎత్తుకు కుదించి చూశాం. జాబితాలలో కొన్నిచోట్ల దానికి దక్కే జాగా అంతే. గోధుమరంగు మరక మిగిలింది.

"మరి ఏది ఉంచాలి?" అన్నాడు దిగులుగా.

ఆటగాణ్ణి నిద్రపోనివ్వని చిక్కు ఏదో, అది. 2018లో వచ్చిన 'ఇన్‌టు ది బ్రీచ్' చూడండి. ఎనిమిదికి ఎనిమిది గళ్ళు. శత్రువు ఎక్కడ కొట్టబోతున్నాడో ముందే కనిపిస్తుంది. దేన్ని కాపాడాలన్నదే మన తంటా. మన పులిజూదమైనా అంతే: మూడు పులులు, పదిహేను మేకలు, పులులను కదలనివ్వకండి. 'లోతైన వ్యూహాలు, అనంతమైన అవకాశాలు' అని మావాడు రాసుకున్నది ఏ ఆటకైనా అతుకుతుంది.

బొమ్మమీద సమీక్షల మార్కులు, బహుమతులు వేయకూడదని స్టీమ్ 2022లో నియమం పెట్టింది. మంచిదే, పొగడ్తలకు చోటెక్కడిది?

ఏనుగులు పోయాయి (గీసినాయనకు ఎలా చెప్పాడో!). కాలుతున్న వంతెన ఒక్కటే మిగిలింది. వాక్యమూ దొరికింది: "వంతెన తగలబెడితే ఊరు దక్కుతుంది; మీ సైన్యం అవతలి గట్టునే ఉండిపోతుంది."

స్క్రీన్‌షాట్ల దగ్గర మాత్రం ఇంకా పేచీయే. అతనికి విజయదృశ్యం ముందుండాలి. నాకేమో ఓటమికి రెండెత్తుల ముందున్న పటం కావాలి.