మదింపు నెల

జూన్ 9
మదింపు ఫారం వచ్చింది. ఎన్ని శిక్షణలు, ఎంతమంది హాజరు, ఫొటోలు జతచేశారా... అన్ని గడులూ నింపేయొచ్చు. మనసుకి గాయమైనవాళ్ళతో ఎలా మెలగాలో హారిస్, ఫాలట్ చెప్పిన అయిదు మాటలూ హాలు గోడకి అంటించే ఉన్నాయి. భద్రత, నమ్మకం, ఎంపిక, సహకారం, సాధికారత. హింస తప్పించుకుని మా హాస్టల్లో ఉన్నవాళ్ళని మాత్రం ఏ గడిలోనూ అడగలేదు.

జూన్ 12
ఆడవాళ్ళకి తాత్కాలిక ఆశ్రయమిచ్చే సఖి కేంద్రంలో అయిదు రోజుల గడువు అయ్యాక ఒకామెని మా దగ్గరికి పంపారు. తనకి జరిగింది గేటు దగ్గర చెప్పింది. రిజిస్టర్ దగ్గర చెప్పింది. వార్డెనక్కకి చెప్పింది. నా గదిలోకొచ్చేసరికి గొంతు పెగల్లేదు.
"మళ్ళీ మొదట్నించీ చెప్పాలా మేడం?"
వద్దమ్మా అన్నాను. ఫైలు మూసేశాను.

జూన్ 16
పిల్లలమీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టంలో 2012లోనే రాశారు. పిల్లల వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. కోర్టుకి పదేపదే పిలవకూడదు. పెద్దవాళ్ళ విషయంలో మనమెందుకు అంత జాగ్రత్త పడం? అత్యాచారానికి గురైనవాళ్ళకి చేసే రెండువేళ్ళ పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 2022లో మళ్ళీ చెప్పాల్సొచ్చింది. కోర్టు మాటకే అంత కాలం పడితే, మా గోడమీద కాగితానికెంత...

జూన్ 21
స్నానాల గదులకి లోపలి గడియ లేదు. ఎవరైనా ఏమైనా చేసుకుంటారేమోనని వార్డెనక్క భయం. కాదనలేను. కానీ వాళ్ళు తలుపుకి నీళ్ళ బకెట్ అడ్డం పెట్టుకుని, దాన్నే చూసుకుంటూ స్నానం చేస్తున్నారు. ఇదా భద్రత? బయటినుంచి కూడా తీయగలిగే గడియలు దొరుకుతాయి. కమిటీకి రాశాను.

జులై 3
గడియలు బిగించారు. శిక్షణలన్నిటికన్నా ఇది పెద్ద పని, నా లెక్కలో.

జులై 5
వార్డెనక్క వంటగదిలో ఏడుస్తోంది. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీలు, ఏళ్ళ తరబడి ఈ కథలే. ఆమెని కూచోబెట్టి అడిగేదెవరు? ఫారంలో సిబ్బంది అంటే హాజరు సంతకమే.

జులై 11
కొత్తమ్మాయి. గేటు దగ్గర పేరొక్కటే అడిగారు. "ముందు అన్నం తింటావా, పడుకుంటావా?" అంది వార్డెనక్క. పడుకుంటానంది.
పొద్దున పోలీస్ స్టేషన్‌కి వెళ్దామా అంటే, "ఎల్లుండెళ్దాం అక్కా, అప్పటికి మా పిన్నొస్తుంది." సరే అన్నాం.

జులై 12
ఫారం పంపేశాను. అడగని గడి ఒకటి చివర చేర్చాను. ఇక్కడికొచ్చాక ఒక మనిషి తనకి జరిగింది ఎన్నిసార్లు చెప్పాల్సొచ్చింది? నెలనెలా ఇదే లెక్కపెడతామని రాశాను. ఒప్పుకుంటారో లేదో.