వద్దు అను మాట

మేము నివసించు పిస్కాటవే, అమెరికాలోని న్యూ జెర్సీ రాష్ట్రమున రారిటన్ నదీతీరమందున్న పట్టణము. రట్గర్స్ విశ్వవిద్యాలయ భవనములు కొన్ని ఇచ్చటనే యున్నవి. చుట్టుపట్ల తెలుగు కుటుంబములు విస్తారముగా గలవు. మా రెండవవానికి ఇప్పుడు తొమ్మిదవ యేడు. పుట్టుకతో మెదడునకు కలిగిన దెబ్బచేత చేతులు, కాళ్లు, నాలుక వాని స్వాధీనమున లేవు. ఒక చెవి వినబడదు. అప్పుడప్పుడు మూర్ఛ వచ్చును. వాని సంగతి తెలియగోరు చదువరుల కొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వాడు కన్నులతో మాటలాడును. ఇది అలంకారము కాదు. చక్రముల కుర్చీకి ఎదురుగా బిగించిన తెరపై గడులు, గడికొక బొమ్మ యుండును. తెర క్రింది పరికరము కంటికి కానరాని పరారుణ కాంతిని ప్రసరింపజేసి, అది కంటిపై మెరయు తీరునుబట్టి చూపు ఏ గడిపై నిలిచెనో కనిపెట్టును. చూపు కొంతసేపు కదలక నిలిచినచో యంత్రము ఆ మాటను పలుకును. ఎంతసేపు నిలువవలెనో మనమే కుదుర్చుకొనవచ్చును. వినుటకు సులువే కాని, మెడ నిలువని బిడ్డకు ఒక్క మాట పలుకుట కొండ నెక్కినంత పని.

యంత్రమునకు అలవాటుపడినచో ఉన్న పలుకును పోవునని కొందరు పెద్దలు హెచ్చరించిరి. 2006 లో మిల్లర్, లైట్, ష్లోసర్ అను పండితులు పూర్వపరిశోధనలను పరిశీలించి, గట్టి ఆధారము గల 27 మందిలో ఒక్కరికైనను పలుకు తగ్గలేదనియు, అత్యధికులకు కొంత పెరిగెననియు తేల్చిరి. మావానికి పెరుగలేదు, తగ్గుటకు మొదట ఉండినదే లేదు.

పరికరము తొలుత బడిలోనే యుండెడిది. సాయంకాలము బడిబండి దిగగానే వాడు మరల మూగవాడు. అంగవైకల్యము గల ప్రతి బిడ్డకును ఉచితముగా తగిన విద్య నొసగవలెనని 1975 నాటి చట్టము శాసించినది. 1990 లో దానికి సహాయక పరికరములను చేర్చిరి. విద్యకు అవసరమని తేలినచో వానిని ఇంటికిని పంపవలెనను నిబంధన కలదు. దానిని చూపి ఏడు నెలలు తిరిగిన పిమ్మట పరికరము మా ఇల్లు చేరెను.

చేరెను గాని ఇంగ్లీషే పలికెను. వానికి అన్నము తినిపించు అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. చెన్నపట్టణమున అజిత్ నారాయణన్ గారు రూపొందించిన ‘ఆవాజ్’ మొదలగునవి భారతీయ భాషలకై వచ్చినవి. అయినను వాని చూపు ఎరిగిన గడులను మార్చుటకు మాకు మనసొప్పలేదు. ఆ గడులలోనే తెలుగు మాటలను, వాని యీడువాడైన మేనమామ కొడుకు గొంతుతో పలికించి నింపితిమి.

అప్పుడొక విశేషము కనబడెను. ఇంగ్లీషున ‘నాకిది వద్దు’ అని పూర్తిగా చెప్పుటకు నాలుగైదు గడులు వెదకవలెను. తెలుగున ‘వద్దు’ అన్న చాలును. ఎవరు చెప్పినను రూపము మారదు, అదియే నిండు వాక్యము. ‘చాలు’, ‘కావాలి’ అనునవియు నట్టివే. మన భాష ఇట్టి బిడ్డల కొరకే పుట్టినదా యని మాకు ముచ్చట వేసెను.

వాడు మొదట పట్టుకొన్నది ‘వద్దు’. స్నానము వద్దు, మేజోళ్లు వద్దు, ముద్ద వద్దు. అమ్మమ్మ ముద్దను గిన్నెలో ఉంచి, “వద్దా నాన్నా? సరే” అని కూర్చుండెను. అంతకుముందు ఏడ్పే వాని భాష. అది కడుపునొప్పియో, కోపమో, మూర్ఛకు ముందు వచ్చు బెదురో తెలియక రాత్రులు గడచినవి.

అయితే మూర్ఛమందు వేళ కూడ వాడు ‘వద్దు’ అనును. మందు మానుట ప్రాణమునకే ముప్పు. ఆ సమయమున తెర తొలగించుట సుకరమని ఒకరు సలహా చెప్పిరి. మేమట్లు చేయము. వాడు వద్దనును, వింటిమని చెప్పుదుము, ఎందుకో చెప్పి మందు ఇత్తుము. వాడు మరల వద్దనును. ఈ తగవు దినమునకు రెండుసార్లు జరుగుచునే యున్నది.

ఇటీవల ‘అలక’ అను మాట చేర్పవలసివచ్చెను. పరికరముతో వచ్చిన వేల బొమ్మలలో కోపము, దుఃఖము ఉన్నవి, అలక లేదు. మా పెద్దమ్మాయి గోడవైపు తిరిగి కూర్చున్న పిల్లవాని బొమ్మ గీసి యిచ్చెను. మొన్నటి ఆదివారము ఉదయము మందు మ్రింగినది మొదలు మధ్యాహ్నము వరకు వాడు మరియొక మాట పలుకలేదు.