గీతి విడిపోకుండా

మా నాన్నగారి నోటుపుస్తకంలో సీసపద్యాలు 87. చింతామణి దగ్గర బడిపంతులుగా ఉన్న రోజుల్లో రాసుకున్నవి. పుస్తకంగా వేయిద్దామని మల్లేశ్వరంలో మా ఇంట్లో కూర్చుని వాటిని మార్క్‌డౌన్‌లో ఎక్కించాను. పాన్‌డాక్ దాన్ని లాటెక్‌గా మార్చింది, జీలాటెక్ పీడీఎఫ్ తీసింది. అవెన్యూ రోడ్డు పక్క సందులో ప్రింటు తీయించుకుని బస్సులో తిరగేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఎక్కడ చూసినా సీసం ఒక పేజీలో, గీతి మరో పేజీలో.

సీసానికి నాలుగు పాదాలు, పాదానికి రెండు వరుసలు. ఆ కింద ఎత్తుగీతిగా తేటగీతో ఆటవెలదో. మొత్తం 12 వరుసలు. ఎత్తుగీతి లేనిదే సీసం ముగియదు. పేజీ తిప్పితే గాని గీతి దొరక్కపోతే చదివేవాళ్ళ గొంతు తెగిపోతుంది.

తప్పు యంత్రానిది కాదు. మార్క్‌డౌన్‌కి పేజీ అన్న ఊహే లేదు. పేజీ సంగతి చూసేది లాటెక్ అడుగున పనిచేసే టెక్. 1977లో తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫుల్లో అచ్చు అందం చెడిందని బాధపడి డోనాల్డ్ కనూత్ టెక్‌ని తయారుచేయడానికి పూనుకున్నాడు. పేజీ తెగగల ప్రతిచోటికీ అందులో ఒక పెనాల్టీ ఉంటుంది. 10000 అంటే ఇక్కడ ససేమిరా వద్దని, మైనస్ 10000 అంటే ఇక్కడే తెగాలని. పేరా తొలి వరుస అడుగున ఒక్కటే చిక్కినా, చివరి వరుస ఒక్కటే తర్వాతి పేజీకి పోయినా ప్లెయిన్ టెక్ వేసేది 150. ఇంగ్లీషు అచ్చువాళ్ళు వాటిని అనాథ, విధవ అంటారు. ఆ పేర్లు నాకు నోట రావు, ఒంటివరుస అంటాను. ఆ లెక్క పేరాని కాస్త కాపాడుతుంది గాని పద్యాన్ని కాదు. ఇది పద్యం అని చెప్పాల్సింది మనమే.

చెప్పాను. ప్రతి పద్యానికీ మార్క్‌డౌన్‌లో మూడేసి కోలన్లతో కంచె కట్టి ‘సీసం’ అని పేరు పెట్టాను. చిన్న లువా ఫిల్టరొకటి ఆ పేరు చూసి పద్యాన్ని మినీపేజీలో, అంటే తెగని పెట్టెలో పెడుతుంది. (బ్రౌజరు దారిన పీడీఎఫ్ తీసేవాళ్ళకి సీఎస్ఎస్‌లో బ్రేక్-ఇన్‌సైడ్ అవాయిడ్ చాలు.) గీతులన్నీ సీసాల కిందికి చేరాయి. కానీ లాటెక్ బుక్ క్లాసు పేజీల అడుగులన్నీ సమం చేయాలని చూస్తుంది. పెట్టె పట్టక తర్వాతి పేజీకి పోతే, మిగిలిన పద్యం చుట్టూ ఖాళీలు సాగదీసి పేజీ నింపేసింది. రాగ్డ్‌బాటమ్ అని ఒక్క మాట రాశాక అవి సర్దుకున్నాయి. కొన్ని పేజీల అడుగున చోటు మిగిలింది. మిగలనీ. కాగితం ఖర్చు నాది, పద్యం నాన్నగారిది.

ఒక్క సీసమాలిక, అంటే నాలుగు పాదాలు దాటి సాగే సీసం, మాత్రం లొంగలేదు. అది 40 వరుసలు, నా పేజీకి పట్టేవి 26. పెట్టెలో పెడితే పేజీ దాటి కిందికి జారిపోయింది. ఎక్కడో ఒకచోట తెంపక తప్పదు. నాలుగైదుసార్లు పైకి చదివినా నిర్ణయం కుదరలేదు. చివరికి నోటుపుస్తకం తీశాను. నాన్నగారు 20వ వరుస దగ్గర పేజీ తిప్పారు. కింద ఇంకా నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి.

న్యూపేజ్ అక్కడే పెట్టాను.