అరకులోయలో వలిసెపూలు

విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున నున్న అరకులోయకు కార్తికమాసమున మేము పోయితిమి. కొండవాలులయందు వలిసెచేలు పసుపు ఆరబోసినట్లుండెను. వలిసె నూనెగింజల పైరు; గిరిజనుల జీవనాధారములలో నొకటి.

ప్రొద్దుపొడిచి మంచు పలుచనై వెలుతురు మెత్తగా వ్యాపించినపుడు కెమెరాను పూవు దాపునకు చేర్చితిమి. ఒక్క పూవని మన మనుకొనునది నిజమునకు పూలగుంపు. చుట్టునున్న పచ్చని రేకులును, నడుమనున్న సన్నని గొట్టములును వేర్వేరు పూవులే. సూర్యుడు పూవు వెనుక నుండగా తీసినచో రేకుల యీనెలు దీపము పెట్టినట్లు తోచును. నీడపడిన వైపున తెల్లని కాగిత మొకటి పట్టిన చాలును. మిట్టమధ్యాహ్నపు టెండలో ఆ వన్నె వెలవెలబోవును.

ఇంతలో చేనిగల యామె వచ్చి, "గట్టుమీదే నిలబడండమ్మా, తొక్కిన మొక్క గింజ కట్టదు" అనెను. ఛాయాచిత్రములకై యాత్రికులు చేలలో దిగుటచే పైరు నష్టమగుచున్నదట! మేము గట్టుననే కూర్చుండి అంచునందలి పూవులనే తీసితిమి. గాలి యాగువరకు నోర్చుకొని యుండుటయే అందలి కష్టము.

సోదరీమణులారా! మీరును అటు పోయినచో గట్టు దిగవలదు. ఆ పూవులే కొలది దినములలో ఆ యింటికి రావలసిన గింజలు.