మెక్సికో యింటివంటలు

మెక్సికో దేశపు వంటయని మన నగరములలోని ఫలహారశాలలవారు జున్ను దట్టముగా పరచిన కరకరలాడు చిప్పలను పెట్టుచున్నారు. అవి రుచిగానే యుండును గాని, ఆ దేశపు గృహిణి తన బిడ్డలకు నిత్యము వడ్డించునవి అవి గావు. గ్రంథములు చదివి, మా యింట వండి చూచిన పిమ్మట, ఆ వంటలకెల్ల మూలము మొక్కజొన్నయు, దానితో ఉడుకు కొలదిపాటి సున్నమును అని మాకు తోచినది.

సున్నమనగానే చదువరులు ఉలికిపడవలదు. ఎండిన గింజలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రియెల్ల నాననిచ్చి, తెల్లవారిన పిదప పైపొర జారిపోవునట్లు కడుగుదురు. ఇట్లు సిద్ధమైన గింజకు నిష్తమల్ అని పేరు. స్పెయినువారు రాకమునుపటి నహువాత్ భాషాపదమది. దానిని మెతాతె యను వాలురాతిపై నూరి, ముద్దను పలుచగా చేతులతో తట్టి, నూనె లేని పెనముపై కాల్చినచో తోర్తియా యగును. జొన్నరొట్టె నెరిగిన వారికి ఇది దూరపు చుట్టమువలె కనబడును; అయినను ఇది మెత్తన, చుట్టినను విరుగదు. సున్నము తగులని పిండి ఇట్లు సాగదు.

సాగుట యొక్కటియే గాదు. మొక్కజొన్నలోని నయాసిన్ అను విటమిను బంధింపబడి యుండి ఒంటికి పట్టదు. సున్నము ఆ కట్టు విప్పును. 1492 తరువాత గింజను ఐరోపాకు కొనిపోయినవారు ఈ పద్ధతిని కొనిపోలేదు. తత్ఫలితముగా ఉత్తర ఇటలీలోను, పిదప అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమునను, మొక్కజొన్నయే ఆధారమైన బీదలు పెల్లాగ్రా రోగముచే చర్మము పగిలి, మతి చలించి, వేలకొలది మరణించిరి. నయాసిన్ దానికి మందని 1937 లో గాని తేలలేదు. ఆ రోగము మనకును క్రొత్త గాదు: హైదరాబాదు ప్రాంతమున జొన్నలే ముఖ్యాహారముగా గలవారిలో అది కనబడగా, సి. గోపాలన్ గారును వారి సహచరులును 1960 ప్రాంతమున పరిశోధనలు జరిపిరి. విటమినుల పేరైన వినని స్త్రీలు వేలయేండ్ల క్రిందటనే ఈ మేలు తమ కుండలో నిలుపుకొనిరి.

వారి శ్రమయు తక్కువది గాదు. తెల్లవారకమునుపే లేచి, మోకరిల్లి, గంటలకొలది నూరవలెను. ఇరువదవ శతాబ్దమున మరలు వచ్చి ఆ భారము తగ్గించినవి. ఇందుకు మేము విచారింపము. మర వచ్చినను సున్నము నిలిచినది గదా!

మా యింట కిలో గింజలకు పది గ్రాముల పొడిసున్నము వేసి వండితిమి. అది తినదగిన సున్నమే గాని గోడలకు వేయునది గాదు సుమా! జన్మమంతయు తాంబూలము సేవించిన మా నాయనమ్మగారే "సున్నముతో కూడు వండుదురా?" యని ఆక్షేపించిరి, రొట్టె కాలు వాసన రాగానే ఒకటి తిని, రెండవది అడిగిరి. ప్రక్కన కుండలో మెత్తగా ఉడికిన రాజ్మా గింజలును, పెనముపై కాల్చిన టమాటాలు, మిరపకాయలు, వెల్లుల్లి రోట నూరిన పచ్చడియు నుండెను. మిరపకాయ అనాదిగా మనదేయని నమ్మువారు వినవలెను: అది ఆ దేశమున సాగై, పోర్చుగీసు వర్తకులవలన మనకు అందినది.

పువేబ్లా నగరపు మోలే మాత్రము పండుగవంట. ఎండుమిరపకాయలు, నువ్వులు, బాదములు, దాల్చినచెక్క, కొంచెము చాక్లెట్టు నూరి ఉడికించి టర్కీకోడి మాంసముపై పోయుదురు. కూరలో చాక్లెట్టాయని నవ్వకుడు. అందది తీపికి గాదు, మసాలాలో కలిసిపోవు చేదునకు. దానిని మేమింకను వండలేదు. అంతకంటె తమాలె సులభము: ఆ సున్నపు పిండినే కొవ్వుతో కలిపి, నడుమ కూర పెట్టి, మొక్కజొన్న కండెపై రేకులలో చుట్టి ఆవిరిపై ఉడికించుటయే. జనవరి 6 వ తేదీని రొట్టెలో దాచిన చిన్న బొమ్మ యెవరి ముక్కలో దొరకునో, ఫిబ్రవరి 2 వ తేదీని వారే అందరికిని తమాలెలు పెట్టవలెనట.